కర్ర పడవకు తుప్పెక్కడిది?

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకు బల్ల మీదున్న పడవ కనపడుతోందా? కనపడకపోయినా ఫర్వాలేదు, చివర్లో చేతికే ఇస్తాను. నన్ను మాట్లాడమన్నది యుద్ధకాలపు పడవ మోడల్‌కు ఫినిషింగ్, వెదరింగ్, అంటే ఎండకూ వాడకానికీ నలిగినట్టు చూపించడం, ఎలా చేస్తామన్న దాని గురించి. అంటే కిట్‌లోని ముక్కలన్నీ అతికించేశాక మిగిలే పని. చాలామంది దీన్ని చివరి పని అనుకుంటారు. నాకైతే సగం పని ఇక్కడే మొదలవుతుంది.

ముందు నా పరువు పోయిన కథ చెప్తాను. నేను చేసిన మొట్టమొదటి టార్పెడో బోటు మోడల్‌ను నలుగురి ముందూ పెట్టిన రోజు నా కాళ్ళు నేల మీద లేవు. రంగు బాగా కుదిరింది. పక్కల పొడవునా, పైఅంచు నుంచి నీటి గీత దాకా, ఎర్రటి తుప్పు చారలు ఒక్కొక్కటీ సన్నటి కుంచెతో దించాను. మూడు రాత్రుల పని అది. ఒక పెద్దాయన వచ్చి వంగి చూశారు. కళ్ళజోడు పైకి జరుపుకుని ఇంకోసారి చూశారు. "చాలా బాగుంది బాబూ. కానీ ఇది కర్ర పడవ కదా, కర్రకు తుప్పెక్కడిది?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఆ చారలు ఎందుకు వేశానంటే, అంతకుముందు నేను చూసిన ఓడ మోడల్స్ అన్నిటికీ ఉన్నాయి కాబట్టి. అవన్నీ ఇనప ఓడలు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు నేనూ పెట్టుకున్నాను. అప్పటినుంచి ఏ మరక వేయాలన్నా కుంచె ముంచే ముందు నన్ను నేను అడుగుతాను: ఇది ఇక్కడికి ఎలా వచ్చింది? జవాబు దొరక్కపోతే ఆ మరక వేయను. ఈ పూట చెప్పేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

అందుకే రంగు డబ్బా మూత తీసే ముందు అసలు పడవ గురించి కాస్త మాట్లాడుకుందాం. ఇది రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళం వాడిన పీటీ బోటు. పీటీ అంటే ప్యాట్రోల్ టార్పెడో, ప్యాట్రోల్ అంటే గస్తీ. ఎల్కో అనే సంస్థ న్యూజెర్సీలోని బేయాన్‌లో కట్టిన 80 అడుగుల రకం. చాలామంది దీన్ని ప్లైవుడ్ పడవ అంటారు, కాదు. మహోగని చెక్క పలకలను రెండు పొరలుగా, ఏటవాలుగా వేసి, ఆ రెండు పొరల మధ్య జిగురు పట్టించిన గుడ్డ పెట్టారు. లోపల మూడు ప్యాకార్డ్ ఇంజిన్లు, ఒక్కోదానికి 12 సిలిండర్లు. డీజిల్ కాదు, విమానాలకు పోసే 100 ఆక్టేన్ పెట్రోలు. ట్యాంకుల్లో 3,000 గ్యాలన్లు పట్టేది. పూర్తి వేగంలో గంటకు 40 నాటికల్ మైళ్ళు దాటేది. ఒక్క మాటలో చెప్పాలంటే పెట్రోలు ట్యాంకు మీద తుపాకులు బిగించి, చుట్టూ చెక్క కప్పారన్నమాట. దాంట్లో మనుషులు కూర్చుని యుద్ధానికి వెళ్ళారు.

ఈ బోట్లలో అందరికీ తెలిసినది పీటీ-109. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ ఎఫ్. కెనెడీ నడిపిన పడవ. 1942 జూన్ 20న నీళ్ళలోకి దించారు. 1943 ఆగస్టు 2న, చీకట్లో, సోలమన్ దీవుల దగ్గర బ్లాకెట్ జలసంధిలో జపాన్ విధ్వంసక నౌక అమగిరి గుద్ది రెండు ముక్కలు చేసింది. పడవలో 13 మంది ఉంటే ఇద్దరు పోయారు. 2002లో సముద్రం అడుగున ఆ పడవదిగా భావిస్తున్న టార్పెడో ట్యూబును సముద్ర అన్వేషకుడు రాబర్ట్ బల్లార్డ్ బృందం కనిపెట్టింది.

చరిత్ర పాఠం ఎందుకంటారా? ఆ రెండు తేదీలూ మళ్ళీ చూడండి. నీళ్ళలో దిగిన రోజు నుంచి మునిగిన రోజుకు పదమూడు నెలల చిల్లర. అంతే దాని ఆయుష్షు. మరి మనం పీటీ-109 మోడల్స్ ఎలా చేస్తున్నాం? ఇరవై ఏళ్ళు ఒడ్డున పడి కుళ్ళిన పడవలా చేస్తున్నాం! పదమూడు నెలల్లో పడవ ముసలిదవదు. నలుగుతుంది. ముసలితనానికీ నలుగుడికీ తేడా ఉంది. ముసలితనం ఒళ్ళంతా సమానంగా వస్తుంది. నలుగుడు మాత్రం చెయ్యి పడ్డచోట, కాలు పడ్డచోట, తాడు ఒరుసుకున్నచోటే వస్తుంది. ఎండ ఒక్కటే అంతటా పడుతుంది.

ఇంకో లెక్క కూడా ముందే చెప్పేస్తాను. మన స్కేల్ 1/35 అయితే ఈ పడవ 70 సెంటీమీటర్లు వస్తుంది. 1/72 అయితే 34. కొండంతను గోరంత చేసే పని మనది. కాబట్టి చేతిలో ఉన్న గోరంత మచ్చ అసలు పడవ మీద ఎంతవుతుందో ఎప్పుడూ గుర్తుండాలి. 1/35 మోడల్ మీద ఒక మిల్లీమీటరు చిప్ వేస్తే, అసలు పడవ మీద అది మూడున్నర సెంటీమీటర్ల పెచ్చు. సరే, నమ్మొచ్చు. అదే మిల్లీమీటరు 1/72 మీద వేస్తే ఏడు సెంటీమీటర్ల పైన, అంటే అరచేయంత పెచ్చు ఊడినట్టు. అలాంటివి ఓ యాభై వేస్తే ఆ పడవకు రంగు ఉన్నట్టా, లేనట్టా? అందుకే 1/72లో నేను చిప్పింగ్ దాదాపు మానేశాను. రంగులో ఛాయలు మార్చి, దూరం నుంచి చూస్తే అరిగినట్టు అనిపించేలా వదిలేస్తాను.

రంగు పనికి ముందు చేసేది మీ అందరికీ తెలిసిందే, త్వరగా దాటేద్దాం. ముక్కల మీద అచ్చు నుంచి వచ్చిన జిడ్డు ఉంటుంది, సబ్బు నీళ్ళతో కడగండి. అతుకులు గీకి, పూడ్చి, మళ్ళీ గీకండి. ప్రైమర్ వేశాక బయటపడే అతుకును చూసీ చూడనట్టు వదిలేయకండి. ఎంత వెదరింగ్ చేసినా అతుకు దాగదు, వాష్, అంటే సందుల్లోకి పారే పల్చటి ముదురు రంగు, వేయగానే నల్లగా నవ్వుతుంది.

రంగు ఏమిటన్నది పెద్ద గొడవ. ఈ పడవలకు ఏడాదికో రకం రంగు వేశారు. కొన్నిటికి బూడిద రంగు, కొన్నిటికి మచ్చల కామఫ్లాజ్, పీటీ-109కు ముదురు ఆకుపచ్చ. పాత ఫోటోలు నలుపు తెలుపు. అందులోనూ ఆ రోజుల్లో వాడిన కొన్ని రకాల ఫిల్ములో ఎరుపు కూడా నల్లగా పడుతుంది. ఫోటోలో నల్లగా ఉంది కదా అని నలుపు వేసేయకూడదు. నేనైతే ఫోటోను రంగు కోసం చూడను, మరక ఎక్కడుందో చూడటానికి వాడతాను. దానికి నలుపు తెలుపు ఫోటోయే నయం.

డబ్బాలో ఉన్న రంగు అసలు పడవ రంగుతో సరిపోయినా, మోడల్ మీద అలాగే వేస్తే ముదురుగా కనపడుతుంది. కారణం దూరం. 1/35 మోడల్‌ను అర మీటరు దూరం నుంచి చూస్తున్నామంటే, అసలు పడవను పదిహేడు మీటర్ల దూరం నుంచి చూస్తున్నట్టు. మధ్యలో గాలి, వెలుగు ఉంటాయి. రంగు కాస్త వెలిసినట్టు, మెత్తబడినట్టు కనపడాలి. అందుకని అసలు రంగులో పదో వంతు లేత బూడిద రంగు కలుపుతాను. తెలుపు కలపను, ఆకుపచ్చలో తెలుపు కలిపితే బొమ్మ రంగు వస్తుంది. తర్వాత అదే రంగును ఇంకాస్త పల్చగా, ఇంకాస్త లేతగా చేసి, డెక్ మధ్య భాగాల మీద, క్యాబిన్ పైకప్పుల మీద ఎయిర్‌బ్రష్‌తో, అంటే రంగును గాలితో చిమ్మే పరికరంతో, అక్కడక్కడ మబ్బులా కొడతాను. ఎండ పైనుంచే పడుతుంది కదా. పక్క గోడల మీద ఈ పని చేయను. చేసినా చాలా తక్కువ.

డెక్ గురించి ఒక్క మాట. కర్ర పడవ అనగానే కొంతమంది డెక్‌ను తేనె రంగులో, పలకలు కనపడేలా, షికారు పడవలా చేస్తారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఇది రాత్రి పూట దొంగచాటుగా తిరిగి, పగలు ఒడ్డు చెట్ల కింద దాక్కునే పడవ. పైన విమానం నుంచి చూస్తే కనపడకూడదు. డెక్‌కు రంగు వేసేవారు. కర్ర బయటపడేది ఎక్కడంటే, రంగు పోయినచోటే.

ఇక అసలు సంగతికొద్దాం. చిప్పింగ్, అంటే రంగు పెచ్చులూడినట్టు చూపించడం. ఇనప ట్యాంకుకో విమానానికో చిప్పింగ్ చేసిన అలవాటుతో చెయ్యి వెండి రంగు వైపు వెళ్తుంది. ఆపండి. ఇక్కడ రంగు కింద ఉన్నది మహోగని. ఎరుపు కలిసిన గోధుమ రంగు. కాబట్టి అరుగుదల రావాల్సిన చోట ముందుగా ఆ కర్ర రంగు వేసి, పూర్తిగా ఆరనిస్తాను. దాని మీద హెయిర్‌స్ప్రే రెండు పల్చటి పొరలు. అవును, జుట్టుకు కొట్టుకునేదే. అది ఆరాక పై రంగు. ఇది తప్పనిసరిగా అక్రిలిక్ అయి ఉండాలి, నీళ్ళతోనే పల్చబరచాలి. ఘాటైన థిన్నర్ కలిపితే రంగు గట్టిగా పట్టేసి ఎంత రుద్దినా రాదు. పై రంగు తడి ఆరిన కొద్ది గంటల్లోపే పని కానిచ్చేయాలి. మర్నాటికి వాయిదా వేస్తే అదీ మొండికేస్తుంది.

పొట్టిగా కత్తిరించిన పాత కుంచెను గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, కావాల్సిన చోట తడి చేయండి. ఒక నిమిషం ఆగండి. అడుగున హెయిర్‌స్ప్రే నానుతుంది. అప్పుడు కుంచెను నిలువుగా పట్టుకుని, పొడిచినట్టు కాకుండా ఒరిసినట్టు కదపండి. మొదట ఏమీ జరగదు. ఇంకో రెండుసార్లు. ఒక్కసారిగా ఓ చిన్న రేకు లేస్తుంది, దాని కింద ఎర్రటి కర్ర కనపడుతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే ఆగాలి. ఆగడమే ఇందులో ఉన్న విద్యంతా. ఆ రేకు లేవగానే మనకొచ్చే సంతోషం ఉంది చూశారూ, అది ఇంకో పది రేకులు లేపేస్తుంది. నేను ఒకసారి ముక్కు దగ్గర మొదలుపెట్టి, చూసుకునేసరికి క్యాబిన్ దాకా వెళ్ళిపోయాను. మళ్ళీ రంగు వేసుకున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు కదా, సరిగ్గా అదే.

ఎక్కడ ఒరుస్తాం? మళ్ళీ అదే ప్రశ్న. పడవ పక్కల పొడవునా ఒక కర్ర బద్దె ఉంటుంది. రేవుకో, పక్క పడవకో ఆనించినప్పుడు దెబ్బ తినేది అదే. దాని మీద మాత్రం చెయ్యి కాస్త ధారాళంగా ఉంచుతాను. అదీ మధ్య భాగంలో, పడవ వెడల్పుగా ఉన్నచోట. ముక్కు దగ్గర వంపు తిరిగిపోతుంది కాబట్టి అక్కడ తక్కువ. తాళ్ళు కట్టే క్లీట్ల పక్కన డెక్ అంచు మీద తాడు ఒరుసుకుని రంగు పోతుంది, అది పొడుగ్గా, నున్నగా పోతుంది, పెచ్చులుగా కాదు. హ్యాచ్ మూత చుట్టూ కాళ్ళు. చుక్కాని చక్రం ముందు నిలబడేచోట కాళ్ళు. ఇక్కడ రంగు ఊడదు, అరుగుతుంది, కాస్త మెరుస్తుంది. పెన్సిల్ గ్రాఫైట్ పొడి వేలికి రాసుకుని తుపాకుల లోహం అంచుల మీద రుద్దినట్టే, ఇక్కడ వేలికి ఏమీ లేకుండా ఊరికే పదిసార్లు రుద్దండి. మెరుపు లేని మ్యాట్ రంగు వేలి రాపిడికి తనంతట తనే నున్నబడుతుంది. దీనికి మించిన మందు నాకింతవరకూ దొరకలేదు, ఖర్చూ లేదు.

డెకాల్స్, అంటే పడవ మీద అంటించే అంకెల పల్చటి స్టిక్కర్ల గురించి చెప్పమని చాలామంది అడుగుతారు. అంకెలు వేసేచోట ముందు మెరిసే వార్నిష్, అదే గ్లాస్ వార్నిష్, వేసి నున్నగా చేయండి, లేదంటే గరుకు మీద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. అంటించాక మెత్తబరిచే ద్రవం రాసి, ముడతలు పడితే ముట్టుకోకండి, అవే సర్దుకుంటాయి. దాని మీద ఇంకో గ్లాస్ పొర. ఇంతకన్నా చెప్పేదేం లేదు.

ఈ గ్లాస్ పొర మీదే వాష్ వస్తుంది. వాష్‌కు నేను చిత్రకారులు వాడే ఆయిల్ రంగులు వాడతాను. గొట్టం నుంచి తీసిన రంగును ముందు అట్టముక్క మీద పెట్టి ఓ గంట వదిలేస్తే అందులోని అవిసె నూనెను అట్ట పీల్చేస్తుంది. ఇది చేయకపోతే ఆరిన తర్వాత మెరుపు మిగిలిపోతుంది. ముదురు గోధుమ రంగులో చిటికెడు నలుపు కలిపి, వాసన లేని టర్పెంటైన్‌తో పల్చగా చేసి, మూత అంచుల్లో, మూలల్లో, మేకుల చుట్టూ సన్నగా పారిస్తాను. మొత్తం పడవకు పూసి తుడిచేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మోడల్స్ అన్నీ కాస్త మురికి నీళ్ళలో ముంచి తీసినట్టే ఉంటాయి. ఇది నా అభిప్రాయం, ఎవరూ నొచ్చుకోకండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. వాష్ కారి సన్నటి ప్లాస్టిక్ ముక్క మొదట్లో మడుగు కడితే, ముఖ్యంగా ఆ ముక్క కొంచెం వంచి అతికించినదైతే, ఆ ద్రవం ప్లాస్టిక్ లోపలికి దిగి పగులు తెస్తుంది. రాత్రి బాగానే ఉన్న రెయిలింగ్ కాడ పొద్దున్నే చూస్తే రెండు ముక్కలై ఉంది. ఎవరో ముట్టుకున్నారని ఇంట్లో అందర్నీ కేకలేశాను. పాపం, ఎవరూ ముట్టుకోలేదు.

ఇప్పుడు పడవను తిప్పి వెనక వైపు చూపిస్తాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది. చూడండి, వెనక పలక మీద ఆరు గొట్టాలు. ఇంజిన్లు మూడే కదా, గొట్టాలు ఆరెందుకు? ఒక్కో ఇంజిన్‌కు సిలిండర్లు రెండు వరసలు, వరసకో గొట్టం. ఇంజిన్ పొగ బయటికొచ్చే ఈ గొట్టాలకు చప్పుడు తగ్గించే మఫ్లర్లు. నెమ్మదిగా, చప్పుడు లేకుండా శత్రువు దగ్గరికి వెళ్ళాలనుకున్నప్పుడు లోపల రెక్క మూసి, పొగను నీటి కిందికి మళ్ళించేవారు. వేగంగా పరిగెత్తేటప్పుడు రెక్క తెరిస్తే పొగ పైనుంచే వెళ్ళేది. ఈ సంగతి తెలిశాక మసి ఎక్కడ వేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. గొట్టాల నోటి చుట్టూ, వెనక పలక మీద. అందులోనూ పలక కింది భాగాన్ని నీళ్ళు ఎప్పుడూ కడుగుతూనే ఉంటాయి, అక్కడ మసి నిలవదు. కాబట్టి పైన చిక్కగా ఉన్న మసి నీటి గీత దగ్గరికి వచ్చేసరికి చారలు చారలుగా కరిగిపోవాలి.

నేను చేసిన పద్ధతి చెప్తాను. మొదట నలుపులో గోధుమ కలిపి, ఎయిర్‌బ్రష్‌లో నూటికి తొంభై పాళ్ళు థిన్నర్ ఉండేంత పల్చగా చేసి, గొట్టాల చుట్టూ ఐదారు పొరలు కొట్టాను. ఒక్కో పొర కంటికి కనపడనంత పల్చన. తర్వాత ముదురు బూడిద రంగు పిగ్మెంట్ పొడిని గొట్టం పై పెదవి మీద మెత్తటి కుంచెతో అద్దాను. చివరికి టర్పెంటైన్‌లో ముంచి బాగా పిండేసిన వెడల్పు కుంచెతో పై నుంచి కిందికి రెండేసి సార్లు లాగాను. నీళ్ళు కడిగిన చారలు అలా వచ్చాయి. గొట్టాల లోపలి భాగం మాత్రం నల్లగా పెట్టలేదు. కాలిన లోహం లేత బూడిద రంగుకు తిరుగుతుంది. అంత చిన్న కన్నంలో ఎవరు చూస్తారంటారా? నేను చూస్తాను.

మరి తుప్పు అసలు ఉండదా? ఉంటుంది. ఇనుము ఉన్నచోట. ఈ డెక్ మీద నాలుగు టార్పెడో ట్యూబులున్నాయి, ఇవి ఉక్కువి. ఉప్పు నీళ్ళు రోజూ తడుపుతుంటే వాటి అతుకుల దగ్గర, బోల్టుల దగ్గర తుప్పు రావడం న్యాయమే. లంగరు మీద న్యాయమే. నీటి కింద పేలే డెప్త్ చార్జ్ బాంబుల మీద కొంచెం. ఆ ట్యూబు కాళ్ళ కింద నుంచి డెక్ మీదికి కారిన రెండు మూడు చిన్న చారలు కూడా న్యాయమే, అక్కడ కర్ర మీద తుప్పు మరకకు కారణం దొరికింది కదా. నన్ను ఆ ప్రశ్న అడిగిన పెద్దాయనకు ఇప్పుడైతే జవాబు చెప్పగలను.

ఆ ట్యూబుల దగ్గరే ఇంకో కథ ఉంది. టార్పెడోను బయటికి నెట్టడానికి తుపాకీ మందు పేల్చేవారు. ట్యూబు లోపల రాసిన గ్రీజు ఒక్కోసారి అంటుకుని భగ్గున వెలుగు వచ్చేది. దొంగచాటుగా వచ్చిన పడవ ఎక్కడుందో శత్రువుకు తెలిసిపోయేది. తర్వాత వచ్చిన పడవల్లో ఈ ట్యూబులు తీసేసి, టార్పెడోను పక్కకు దొర్లించి వదిలే తేలికపాటి పద్ధతి పెట్టారు. మీరు ట్యూబులున్న తొలి రకం చేస్తుంటే, ఒక ట్యూబు పేలిందనుకుని దాని మూతి దగ్గర కొంచెం కమిలిన మరక వేయొచ్చు. నాలుగింటికీ వేయకండి. పేల్చడానికి ట్యూబును పక్కకు తిప్పేవారు, కాబట్టి దాని అడుగున తిరిగే వంపు పట్టా మీద గ్రీజు నల్లగా పట్టి ఉంటుంది. వెనకున్న 20 మిల్లీమీటర్ల ఓర్లికాన్ తుపాకీకి తూటాలకు గ్రీజు రాసి ఎక్కించేవారు. దాని పీఠం చుట్టూ జిడ్డు మరకలు పడి తీరాలి. జిడ్డుకు నేను ముదురు గోధుమ ఆయిల్ రంగులో గ్లాస్ వార్నిష్ కలుపుతాను. అన్నీ మ్యాట్‌గా ఉన్న డెక్ మీద ఆ ఒక్క చోట తడిగా మెరుస్తుంది. ఆ మెరుపు కోసమే ఈ మరకను చిట్టచివర, మ్యాట్ వార్నిష్ అయిపోయాక వేయాలి.

పెట్రోలు పోసే మూతల చుట్టూ నల్లటి చారలు వేసినవాళ్ళను చూశాను. డీజిల్ అయితే అలాగే వేయాలి. ఇది పెట్రోలు, ఆవిరైపోతుంది. యుద్ధరంగం దగ్గర పీపాల నుంచి చేతి పంపుతో, మెత్తటి తోలు గుడ్డలో వడగట్టి మరీ పోసేవారు. అంత పని అక్కడ జరిగిందంటే పీపాల అంచులు డెక్‌ను గీకి ఉంటాయి, నల్లగా కారి ఉండవు. నేను మూత చుట్టూ రంగును కాస్త వెలిసినట్టు చేసి, రెండు అర్ధచంద్రాకారపు గీతలు పెట్టాను. ఇప్పటివరకూ ఒక్కరూ గమనించలేదు.

ఆ చివరి రాత్రికి ముందు పీటీ-109 ముందు డెక్ మీద ఒక 37 మిల్లీమీటర్ల తుపాకీని తెచ్చి, పెద్ద దుంగ చెక్కలకు కట్టారు. కిట్‌లో ఆ దుంగలు వస్తాయి. అవి అప్పుడే తెచ్చినవి, పడవతో పాటు పాతబడినవి కావు. వాటిని లేత, కొత్త కర్ర రంగులో వదిలేయండి. చుట్టూ ఉన్న ముదురు పచ్చ మధ్య ఆ లేత రంగు కొట్టొచ్చినట్టు కనపడుతుంది, కనపడనివ్వండి. పడవ మునిగాక బతికినవాళ్ళు ఈత రానివాళ్ళను ఆ దుంగ పట్టించే ఒడ్డుకు చేర్చారు.

నీటి గీత దగ్గర ఎక్కువమంది ఉప్పు మరకలు అతిగా వేస్తారు. ఉప్పు తడి ఉన్నచోట కనపడదు, తడి ఆరినచోట కనపడుతుంది. క్యాబిన్ ముందు గోడల మీద, గాలి అద్దాల కింద మూలల్లో, తుపాకీ గూళ్ళ ముందు వైపు. మాసిన తెలుపులో బూడిద రంగు కలిపి, అంచు లేకుండా, చెమట ఆరినట్టు ఉండాలి. నీటి గీత మీద ఉండేది నాచు పట్టిన పసుపు పచ్చటి సన్నటి పట్టీ. పడవ కట్టేసి ఉన్నప్పుడు పట్టేది అది. దాన్ని రూళ్ళకర్ర పెట్టి గీసినట్టు గీయకండి. లోడు పెరిగితే పడవ కిందికి దిగుతుంది, తగ్గితే పైకి లేస్తుంది కాబట్టి రెండు మూడు పల్చటి గీతలు ఒకదాని మీద ఒకటి పడాలి. అడుగున మూడు ప్రొపెల్లర్లు కంచువి. అవి తుప్పు పట్టవు, గోధుమ రంగుకు తిరిగి మసకబారతాయి. మెరిసే బంగారు రంగు వేస్తే మాత్రం కొత్త పెళ్ళికూతురి గాజుల్లా ఉంటాయి.

ఇక మ్యాట్ వార్నిష్. నా రెండో అవమానం. ఇప్పుడు మీరు చూస్తున్న ఈ పడవకే, ఎనిమిది నెలల పని అయ్యాక, బయట ముసురు పట్టిన రోజున తొందరపడి వార్నిష్ కొట్టాను. కొట్టిన రెండు నిమిషాలకు డెక్ మీద పొగమంచు దిగినట్టు తెల్లబడింది. తుడిస్తే పోలేదు. నా గుండె జారిపోయింది. తర్వాత తెలిసింది: వార్నిష్‌లోని ద్రావకం వేగంగా ఆవిరైతే ఉపరితలం చల్లబడుతుంది, గాలిలో తేమ ఎక్కువ ఉంటే అది అక్కడ చేరి పొరలో చిక్కుకుంటుంది. రెండు రోజులు దాని వైపు చూడకుండా టెన్షన్‌తో తిరిగి, వాన వెలిశాక దాని మీద గ్లాస్ వార్నిష్ తడిగా ఒక పొర కొట్టాను. తెలుపు కళ్ళముందే కరిగిపోయింది. ముక్కు దగ్గర ఎడమ పక్కన మాత్రం ఓ చిన్న మసక మిగిలింది. అక్కడ ఉప్పు మరక వేసేశాను. అవును, ఈ ఒక్క మరకకూ అసలు పడవలో కారణం లేదు. నా తొందరే కారణం.

మిగిలినవి తాళ్ళు, జెండా, యాంటెన్నా. తాడు లావు లెక్క చూసుకోండి. ఒక అంగుళం తాడు 1/35లో ముప్పావు మిల్లీమీటరు కూడా ఉండదు. కుట్టుదారం వాడితే నూగు లేస్తుంది, తేనెమైనం మీదుగా లాగితే అణిగిపోతుంది. తాడును చుట్ట చుట్టి డెక్ మీద పెట్టేటప్పుడు పల్చటి జిగురుతో తడిపి, కిందికి నొక్కి ఆరనివ్వండి, లేకపోతే స్ప్రింగులా లేచి నిలబడుతుంది. జెండా గాలికి ఎప్పుడూ కొట్టుకునేది బయటి అంచే, చిరిగేదీ అక్కడే. యాంటెన్నా తీగకు కిట్ ఫ్రేమ్ ముక్కను కొవ్వొత్తి మీద వేడి చేసి లాగితే వెంట్రుక లాంటి పోగు వస్తుంది. సాగే దారం కూడా దొరుకుతుంది, చెయ్యి తగిలినా తెగదు. నాకు ఆ బుద్ధి ఆలస్యంగా వచ్చింది.

సరే, ఇక పడవను ముందు వరస నుంచి అందిస్తున్నాను. రెండు చేతులతో, అడుగు పట్టుకోండి. యాంటెన్నా జాగ్రత్త, ఇప్పటికి రెండుసార్లు విరిగింది. వెనక వరస దాకా వెళ్ళేలోపు, పెట్రోలు మూత పక్కనున్న ఆ అర్ధచంద్రపు గీతలు ఎవరికి కనపడ్డాయో చెప్పండి.